గ్రిప్ మార్చే ముందు మణికట్టు చూసుకోండి

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. రైఫిల్ పిడి, అదే పిస్టల్ గ్రిప్. అమెరికా నుంచి వచ్చినవే ఎక్కువ, హైదరాబాద్ నుంచి ఒకటి. ఎవరికి వాళ్లు "ఏ కంపెనీది కొనాలి" అనే అడిగారు. కంపెనీ పేరు చెప్పడం నాకు రెండు నిమిషాల పని, మీకు దాంతో ఒరిగేది మాత్రం ఏమీ ఉండదు. నొప్పి ఎక్కడ పుడుతోందో తేలితే ఏ గ్రిప్ కావాలో దాదాపు అదే చెప్పేస్తుంది.

ప్రశ్న: నమస్తే సార్. ఏఆర్-15 రైఫిల్ కొని ఏడాది దాటింది. నెలకోసారి రేంజ్‌కి వెళ్తాను. రైఫిల్‌తో పాటు వచ్చిన గ్రిప్పే ఇంకా వాడుతున్నాను. నా చేతులు కాస్త పెద్దవి. మూడు నాలుగు మ్యాగజీన్లు అయ్యేసరికి మధ్యవేలి పక్కన మంట మొదలవుతుంది, మణికట్టు లాగుతుంది. ఆన్‌లైన్‌లో చూస్తే లెక్కలేనన్ని రకాలు. ఒకరు మ్యాగ్‌పుల్ అంటారు, ఒకరు ఎర్గో అంటారు, ఇంకొకరు హోగ్ రబ్బరుదే బెస్ట్ అంటారు. ఏది కొంటే హాయిగా ఉంటుంది?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మీ దగ్గరున్నది ఏ2 గ్రిప్ అయ్యుంటుంది. సన్నగా, గట్టి ప్లాస్టిక్‌తో, ముందు వైపు ఒక బుడిపెతో ఉంటుంది చూడండి, అదే. 1980ల్లో ఎం16ఏ2 సైనిక రైఫిల్‌తో పాటు వచ్చిన ఆకారం అది. అంతకు ముందు ఏ1 గ్రిప్‌కి ఆ బుడిపె లేదు. మధ్యవేలికీ ఉంగరపు వేలికీ నడుమ కూర్చోవాలని దాన్ని పెట్టారు, కొందరి చేతికి సరిగ్గా అక్కడే కూర్చుంటుంది కూడా, కానీ మీలాంటి పెద్ద చేతికైతే అది సందులోకి రాకుండా నేరుగా వేలి ఎముక మీదికి వస్తుంది, బిగించి పట్టుకున్న ప్రతిసారీ అక్కడే నొక్కుతుంది. ఇది డబ్బు ఖర్చు లేకుండా తేలే సమస్య. ఆకురాయి తీసుకుని ఆ బుడిపెను అరగదీసి, పైన గరుకు కాగితంతో నున్నగా చేసుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. చూడ్డానికి అంత బాగుండదు, అయితే ఏమైంది.

ఇక మధ్యవేలి పక్కన మంట అన్నారు. అది బుడిపె వల్ల కాకపోవచ్చు. రైఫిల్‌ని తలకిందులుగా పట్టుకుని ట్రిగ్గర్ గార్డు, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ, వెనక చివర గ్రిప్‌ని కలిసేచోట చూడండి, చిన్న సందు కనిపిస్తుంది. ఆ సందు అంచులు పదునుగా ఉంటాయి. మధ్యవేలి పై భాగం సరిగ్గా దానికి ఆనుకుని ఉంటుంది, కాల్చిన ప్రతిసారీ కాస్త రాసుకుంటుంది, కొన్నాళ్లకు అక్కడ కాయ కాస్తుంది. మీ వేలి మీద ఎర్రగా కందిన గీత ఆ సందు వెడల్పుకి సరిపోయిందంటే దొంగ దొరికినట్టే. దీనికి రెండు మందులున్నాయి. సందులో దూర్చే చిన్న రబ్బరు ముక్క ఒకటి, కొన్ని డాలర్లతో అయిపోతుంది. లేదంటే ముందు భాగం కాస్త పొడిగించి ఆ సందును మూసేలా చేసిన గ్రిప్ కొనుక్కోవచ్చు, బీసీఎం వాళ్ల గన్‌ఫైటర్ గ్రిప్పులు ఆ రకమే.

మణికట్టు సంగతి వేరు, అసలు ఈ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది అదే. ఏ2 గ్రిప్ వెనక్కి బాగా వాలి ఉంటుంది. పాత పద్ధతిలో, అంటే స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడుగ్గా ఉండి, మనిషి పక్కకు తిరిగి నిలబడి, కుడి మోచేయి గాల్లోకి లేపి కాల్చేటప్పుడు ఆ వాలు సరిపోయేది. ముంజేయి నేలకు సమాంతరంగా ఉండేది కాబట్టి మణికట్టు తిన్నగా ఉండేది. ఇప్పుడు ఎవరూ అలా నిలబడటం లేదు. స్టాక్ రెండు మూడు మెట్లు లోపలికి తోసి, టార్గెట్‌కి ఎదురుగా నిలబడి, మోచేతులు కిందికి దించి పక్కటెముకల దగ్గర పెట్టుకుంటున్నాం. అప్పుడు ముంజేయి కింది నుంచి పైకి వస్తుంది, గ్రిప్ మాత్రం పాత వాలులోనే ఉంటుంది, ఆ తేడా అంతా మణికట్టు మోయాలి. చిటికెన వేలి వైపుకి విరిగినట్టు వంగిపోతుంది. ఐదు నిమిషాలు ఏమీ తెలియదు, రెండు గంటలకి తెలుస్తుంది. పడుకుని గానీ బెంచ్ మీద గానీ కాలిస్తే మోచేయి ఇంకా కిందే ఉంటుంది కాబట్టి బాధ ఇంకా ఎక్కువ.

కాబట్టి కొనే ముందు ఒక పని చేయండి. మ్యాగజీన్ తీసేయండి, బోల్టు వెనక్కి లాగి చాంబర్లోకి, అంటే తూటా కూర్చునే చోటికి, చూడండి, చీకటిగా ఉంటే వేలు పెట్టి కూడా చూడండి, మీరున్న గదిలోనే తూటాలు లేకుండా చేయండి. రైఫిల్‌ని సురక్షితమైన దిక్కుకు పట్టి, కళ్లు మూసుకుని, మీకు అలవాటైనట్టు భుజానికి ఆనించి చెంప పెట్టండి. పక్క నుంచి ఇంట్లో ఎవరితోనైనా ఒక ఫోటో తీయించండి, "ఇదేం పిచ్చి" అంటే అననివ్వండి. ఫోటోలో ముంజేతి ఎముక, చెయ్యి దాదాపు ఒకే గీతలో ఉంటే గ్రిప్ వాలు మీకు సరిపోయింది, గొడవ ఇంకెక్కడో ఉంది. మణికట్టు దగ్గర కొట్టొచ్చినట్టు మలుపు కనిపిస్తే ముందు స్టాక్‌ని ఒక మెట్టు బయటికి లాగి మళ్లీ ఫోటో తీయించండి. చాలామందికి ఇక్కడే సగం బాధ తీరుతుంది, పైసా ఖర్చుండదు. అప్పటికీ మలుపు పోకపోతే నిటారుగా ఉండే గ్రిప్ కావాలి. మ్యాగ్‌పుల్‌లో మోఈ అనేది పాత వాలుకే దగ్గరగా ఉంటుంది, కే2 అనేది నిటారుగా ఉంటుంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకం ప్లాస్టిక్, మీ మణికట్టుకి మాత్రం నేలకీ నింగికీ ఉన్నంత తేడా. అందుకే "మ్యాగ్‌పుల్ బాగుంటుందా" అనే ప్రశ్నకి జవాబు లేదు.

ఇక సైజు. అదే భంగిమలో ఉండగానే కళ్లు తెరిచి చూపుడు వేలు చూడండి. వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడాలి, మిగతా వేలు రైఫిల్ ఒంటికి తగలకుండా మధ్యలో కాస్త ఖాళీ కనిపించాలి. పెద్ద చేతులన్నారు కాబట్టి మీ వేలు ట్రిగ్గర్ దాటి రెండో కణుపు దాకా దూరిపోతుండవచ్చు. అలాగైతే గ్రిప్ వెనక భాగం లావుగా ఉండాలి, అది అరచేతిని వెనక్కి నెట్టి వేలిని సరైన చోటికి తెస్తుంది. వెనక ముక్కలు మార్చుకునే గ్రిప్పులు ఉన్నాయి, మ్యాగ్‌పుల్ మియాడ్ అలాంటిదే. చిన్న చేతులవాళ్లకి ఇదే తిరగేసి చదువుకోవాలి, సన్నటి గ్రిప్, వెనక తోకలా పైకి లేచే భాగం లేనిది.

హోగ్ రబ్బరు గ్రిప్ మెత్తగా ఉంటుంది, జారదు, ఆ మాట నిజం. కానీ దాని మీద వేళ్ల గాడులు ముందే పోసి ఉంటాయి. ఆ గాడుల కొలత మీ వేళ్ల కొలతతో కలిస్తే అదృష్టం, కలవకపోతే ఒక బుడిపె బాధ పోయి రెండు మూడు బుడిపెల బాధ వస్తుంది. మీకున్న చేతులకి గాడులు లేనిదే తీసుకోమంటాను.

కొట్లో ఇవి ప్లాస్టిక్ అట్టలో మూసేసి వేలాడదీస్తారు, విప్పి పట్టుకోనివ్వరు. పట్టుకోనిచ్చినా ఉత్త గ్రిప్‌ని చేతిలో పట్టుకుంటే ఏదైనా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, వాలు తెలిసేది రైఫిల్ భుజాన ఉన్నప్పుడే. రేంజ్‌లో పక్క లేన్ వాళ్లని మర్యాదగా అడగండి, వాళ్ల రైఫిల్ ఒకసారి పట్టుకుని చూడనిస్తారు, తుపాకుల వాళ్లకి తమ సామాను చూపించుకోవడం మహా సరదా. లావు సరిపోతుందో లేదో తెలుసుకోవాలంటే పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి ఇప్పుడున్న గ్రిప్ మీదికి తొడుగులా ఎక్కించండి. అదే నచ్చి కొత్తది కొనడం మానేసినవాళ్లూ ఉన్నారు. కొనాలనే ఉంటే ఇరవై నుంచి నలభై డాలర్లలో మంచివి దొరుకుతాయి, అంతకు మించి పెట్టక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్/సార్, మా పాప తొమ్మిదో తరగతి. ఏడాదిగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. అకాడమీ రైఫిల్‌తోనే ప్రాక్టీస్. దాని చెక్క గ్రిప్ తన చేతికి పెద్దది, వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కి అందుతుంది. చివరి ఇరవై షాట్లలో స్కోర్ పడిపోతోంది. చిన్న సైజు గ్రిప్ విదేశాల నుంచి తెప్పించాలంటున్నారు. ఖర్చు చూస్తే టెన్షన్‌గా ఉంది. నిజంగా అవసరమా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, తెప్పించే ముందు కోచ్‌ని ఒక్క మాట అడగండి: ట్రిగ్గర్ వెనక్కి జరిపి చూశారా అని. మ్యాచ్ ఎయిర్ రైఫిళ్లలో ట్రిగ్గర్ బ్లేడు ఒక పట్టా మీద ముందుకూ వెనక్కీ జరుగుతుంది, ఒక చిన్న స్క్రూ వదులు చేస్తే చాలు. ఆడ మగ, పెద్ద చిన్న అందరూ వాడే అకాడమీ రైఫిల్‌లో దాన్ని ముందు వాడినవాళ్లు ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. అల్యూమినియం స్టాక్ ఉన్న మోడల్ అయితే గ్రిప్ కూడా జరుగుతుంది, పక్కకు తిరుగుతుంది. ఈ రెండూ సరిచేశాక కూడా వేలు అందకపోతేనే గ్రిప్ మాట.

వేలి కొసతో లాగితే ఏమవుతుందంటే, లాగుడు తిన్నగా వెనక్కి రాదు, కొంచెం పక్కకు తోస్తుంది. ఈ ఆటలో ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని లాగడానికి పట్టే బలం, మామూలుగా వంద గ్రాముల లోపే, పది పాయింట్ల చుక్క అడ్డం అర మిల్లీమీటరు. ఇక్కడ "కొంచెం" అనే మాటకి విలువ ఎంతో మన హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ ఇదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1తో కాంస్యం తెచ్చాడు, రజతం గెలిచిన ఇటలీ కుర్రాడు కాంప్రియాని స్కోర్ 701.5. మధ్యలో ఉన్నది సున్నా పాయింట్ నాలుగు.

చివరి ఇరవై షాట్ల గురించి మీరు రాసింది మంచి ఆధారం. పోటీ అంటే అరవై షాట్లు, 75 నిమిషాలు. పెద్ద గ్రిప్‌ని చిన్న చెయ్యి వదులుగా పట్టుకోలేదు, జారిపోతుందేమోనని బొటనవేలు, చిటికెన వేలు బిగుసుకుంటాయి, ఆ బిగువు ముంజేతిలోకి, అక్కడి నుంచి భుజంలోకి పాకుతుంది. మొదట్లో కుర్ర వయసు కాబట్టి లాక్కొస్తుంది, చివర్లో దొరికిపోతుంది. షాట్‌కి షాట్‌కి మధ్య పాప కుడిచెయ్యి విదిలిస్తోందేమో గమనించండి. అకాడమీలో స్కాట్ లాంటి ఎలక్ట్రానిక్ ట్రైనర్ ఉంటే మొదటి పది షాట్లు, చివరి పది షాట్లు పక్కపక్కన పెట్టి ట్రిగ్గర్ లాగే క్షణంలో గురి కదిలిన గీత ఎటు జారుతోందో చూపించమనండి. అది చూశాక గ్రిప్ తప్పో, ఓపిక తప్పో తేలిపోతుంది. ఒక్కోసారి పొద్దున టిఫిన్ సరిగ్గా తినకపోవడం కూడా కారణమవుతుంది, నవ్వకండి.

గ్రిప్పే తప్పని తేలినా ఇప్పుడే ఖరీదైనది వద్దు. తొమ్మిదో తరగతి పిల్ల చెయ్యి ఇంకా పెరుగుతుంది, ఈ ఏడాది అతికినట్టు సరిపోయింది రెండేళ్లకి ఇరుకవుతుంది. అకాడమీలో మూలన పడి ఉన్న పాత గ్రిప్ ఒకటి అడిగి తీసుకుని, కోచ్ దగ్గరుండగా లావుగా ఉన్నచోట అరగదీయించి, ఖాళీ ఉన్నచోట ఎం-సీల్ లాంటి ముద్ద పెట్టి, అది మెత్తగా ఉండగానే పాప చేత్తో నొక్కించి అచ్చు తీయించండి. పెద్ద పెద్ద షూటర్ల గ్రిప్పులు కూడా దగ్గర నుంచి చూస్తే ఇలా ముద్దలు పెట్టి చెక్కినవే ఎక్కువ. నొక్కించేటప్పుడు మామూలుగా కాల్చే భంగిమలో, రైఫిల్ భుజాన ఉండగానే నొక్కించాలి. బల్ల మీద పెట్టి నొక్కిస్తే వేరే ఆకారం వస్తుంది. ఆరిపోయాక గరుకు కాగితంతో రోజుకి కొంచెం కొంచెం తీయాలి, ఒకేసారి తీసేస్తే మళ్లీ అతికించుకోవాలి.

ఒక్క జాగ్రత్త. ముద్ద పెట్టుకుంటూ పోయి గ్రిప్‌ని కిందికో పక్కకో సాగదీయకండి. కుడిచేతి గ్రిప్ ఎడమ చేతి మీద గానీ స్లింగ్ (రైఫిల్‌ని చేతికి కట్టే పట్టీ) మీద గానీ ఆనేలా ఉండకూడదని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ నిబంధన. రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. పోటీ రోజు ఎక్విప్‌మెంట్ కంట్రోల్ బల్ల దగ్గర ఈ సంగతి తెలిస్తే పిల్ల ఏడుస్తుంది, ముందే కోచ్‌తో కొలిపించండి.

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద షార్లెట్‌లో ఉంటున్నాను. ఫ్రెండ్ రైఫిల్‌కి గ్రిప్ కొని బర్త్‌డే గిఫ్ట్ ఇద్దామనుకుంటున్నా. నాకు ఇబ్బంది ఏమైనా ఉంటుందా? వచ్చే నెల ఇండియా వెళ్తున్నాను, అక్కడ ఎయిర్ రైఫిల్ ఆడే మా కజిన్‌కి కూడా ఒకటి తీసుకెళ్లొచ్చా?

జవాబు: మొదటిదానికి ఇబ్బంది లేదు. గ్రిప్ అనేది తుపాకీ కాదు, దాని మీద సీరియల్ నంబర్ ఉండదు, అమెజాన్ డబ్బాలాగే పోస్టులో ఇంటికి వస్తుంది. కానీ ఆ ఫ్రెండ్ "రా, ఒకసారి కాల్చి చూడు" అంటే మాత్రం ఆగండి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు, చేతిలో ఉండటమే తప్పు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, మనవాళ్లకి ఎక్కువగా పనికొచ్చేది అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. వీసా మీద ఉండి వీకెండ్ సరదాకి రేంజ్‌లో ఫోటోలు దిగి పెట్టేవాళ్లని చూస్తుంటే నాకే గుండె దడ. ముందు ఒక లాయర్‌ని అడగండి.

రెండోది వద్దు. మీ కజిన్ ఎయిర్ రైఫిల్‌కి ఏఆర్ గ్రిప్ సరిపోదు, అది ఒక సంగతి. అసలు సంగతి ఏంటంటే భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం "ఆయుధాలు" అనే మాటలో వాటి విడిభాగాలనూ కలిపింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సూట్‌కేస్ తెరిచి ఇది ఉత్త ప్లాస్టిక్ పిడేనండీ అని వివరించే ఓపిక మీకుందేమో, వినే ఓపిక అవతలివాళ్లకి ఉండదు. చాక్లెట్లు తీసుకెళ్లండి.

ప్రశ్న: ఫ్రీమాంట్, కాలిఫోర్నియా. మీరు చెప్పే గ్రిప్పులన్నీ మాకు పనికొస్తాయా?

జవాబు: చాలావరకు రావు. సెంటర్‌ఫైర్ తూటా (అడుగున మధ్యలో పేలుడు మందు బిళ్ల ఉండేది) వాడే సెమీ ఆటోమేటిక్ రైఫిల్, దానికి ఊడదీసే మ్యాగజీన్, ఈ రెండూ ఉంటే యాక్షన్ (తూటాను ఎక్కించి పేల్చే యంత్ర భాగం) కింద పొడుచుకొచ్చే పిస్టల్ గ్రిప్ ఒక్కటి చాలు, అక్కడి చట్టం దాన్ని అసాల్ట్ వెపన్ కింద లెక్కేస్తుంది. అందుకే మీ దగ్గర బొటనవేలు చుట్టూ తిరగకుండా చేప రెక్కలా అడ్డం పెట్టిన గ్రిప్పులు అమ్ముతారు. వాటిలో హాయి గురించి అడగకండి, అవి హాయి కోసం చేసినవి కావు. ప్రతి షాట్‌కీ చేత్తో బోల్టు లాగాల్సిన బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి ఈ నిబంధన వర్తించదు, లోహపు చట్రంలాంటి ఛాసిస్ స్టాక్ ఉంటే చాలావాటికి ఏఆర్ గ్రిప్పే పడుతుంది, నిటారుగా ఉండేది వేసుకోండి. చట్టం మీద కోర్టుల్లో కేసులు నడుస్తూనే ఉంటాయి కాబట్టి కొనే రోజు మీ ఊరి డీలర్‌ని అడగడం మానకండి.

ప్రశ్న: హ్యూస్టన్ ఉక్కకి నా రబ్బరు గ్రిప్ జిగటగా తయారైంది. కడిగినా పోవడం లేదు.

జవాబు: దోమల మందు రాసుకున్న చేత్తో పట్టుకుంటున్నారా? వాటిలో డీట్ ఉంటే కొన్ని రబ్బర్లనూ ప్లాస్టిక్కులనూ కరిగిస్తుంది. తుపాకీ శుభ్రం చేసే సాల్వెంట్ కారినా అంతే. ఒకసారి కరిగింది మళ్లీ బాగుపడదు, పారేయండి. చెమట చేతులకి గరుకు గట్టి ప్లాస్టిక్కే నయం.

ప్రశ్న: గ్రిప్ నేనే మార్చుదామని ఉన్న ఒక్క స్క్రూ విప్పాను. ఏదో టప్‌మని ఎగిరింది. ఇప్పుడు సేఫ్టీ మీట వదులుగా ఊగుతోంది. ఏం ఎగిరింది?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: సేఫ్టీ స్ప్రింగ్. ఏఆర్‌లో గ్రిప్ పని పట్టుకోవడం ఒక్కటే కాదు, కుడి పక్క దాని పైభాగంలో ఉన్న సన్నటి రంధ్రంలో ఒక స్ప్రింగ్ నిలబడి, పైనున్న చిన్న ఇనుప మేకును, అంటే డిటెంట్‌ను, సేఫ్టీ మీటలోకి నొక్కి ఉంచుతుంది. గ్రిప్ కిందికి రాగానే రెండూ రాలిపోతాయి. ఆ రెండూ లేకుండా రైఫిల్ వాడకండి, సేఫ్టీ ఎక్కడా నిలవదు.

కొత్తవి వచ్చాక రైఫిల్ ఖాళీ అని చూసుకుని తలకిందులుగా ఒళ్లో పెట్టుకోండి. మేకు కొస ఉన్న వైపు సేఫ్టీ మీటలోకి పోయేలా రంధ్రంలో వేయండి, స్ప్రింగ్‌ని కొత్త గ్రిప్ రంధ్రంలో నిలబెట్టండి, అప్పుడు గ్రిప్‌ని తిన్నగా దించండి. పక్కకు జరిపి తోస్తే స్ప్రింగ్ మడత పడుతుంది, మడత పడితే మీట టక్‌మని పడకుండా ముద్దగా తిరుగుతుంది. గ్రిప్‌తో పాటు వచ్చిన స్క్రూనే వాడండి. పొడుగుది వేస్తే లోపలికి పొడుచుకొచ్చి ట్రిగ్గర్ భాగాలకు తగులుతుంది. మర పడేది అల్యూమినియంలోకి కాబట్టి గట్టిగా బిగిస్తే చాలు, పంతానికి పోయి తిప్పితే మరలు ఊడొస్తాయి. అయ్యాక ఖాళీ రైఫిల్‌తోనే చూడండి: సేఫ్‌లో ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ (లోపల కొట్టే సుత్తి) పడకూడదు, ఫైర్‌కి మార్చి నొక్కితే పడాలి. సేఫ్‌లో పడిందంటే అది నేరుగా గన్‌స్మిత్ దగ్గరికే.

స్ప్రింగూ మేకూ కలిపినా కొన్ని డాలర్లే. రెండు సెట్లు ఆర్డర్ చేయండి, మొదటిది కూడా మీ కార్పెట్‌లోకే పోతుంది.